ఇరవై అయిదు డిగ్రీల గది

నేను ఒక ప్లాస్టిక్ సీసాను. బొటనవేలంత ఉంటాను. నీలం మూత, ఒంటి మీద పెన్నుతో రాసిన ఒక అంకె. పుట్టినప్పుడు సంచెడు తోబుట్టువులు ఉండేవారు. కొందరిలో ఎలుకల రక్తం పోశారట, కొందరిని ఏమీ పోయకుండానే పారేశారట. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంవారు నాలో ఈస్టు పోసి, గడ్డకట్టించి, ఫ్రీజరులో పెట్టారు. దాన్ని అదృష్టమనే అనుకున్నాను.

ఈస్టంటే తెలుసుగా? రొట్టెను పొంగించేది, కల్లును పులియబెట్టేది. ఒళ్ళంతా కలిపి ఒక్కటే కణం. దాన్ని లోపల్నుంచి నిలబెట్టేవి ఆక్టిన్ అనే సన్నని దారాలు. ఈస్టు పిల్లను కనాలంటే పక్కన మొగ్గ తొడుగుతుంది. ఆ మొగ్గలోకి చేరాల్సిన సరుకంతా ఈ దారాల వెంటే వెళ్తుంది. మనుషుల కణాల్లోనూ ఇవే దారాలున్నాయి. తమ ఒంట్లో వెతుక్కోవడం కష్టమని మనుషులు ఈస్టులో వెతుకుతారు.

నాలోని ఈస్టు ఆక్టిన్‌లో కావాలనే ఒక లోపం పెట్టారు. ఇరవై అయిదు డిగ్రీల్లో చక్కగా బతుకుతుంది. ముప్పై ఏడుకు చేరితే దారాలు తెగి, మొగ్గ ఎక్కడ తొడగాలో తెలియక, ఉబ్బి చస్తుంది. దేన్నయినా చెడగొట్టి గానీ అర్థం చేసుకోలేరు ఈ మనుషులు.

స్వరూప పరిశోధన అంతా నా మీదే. జనగామ దగ్గర కల్లు గీసేవారి పిల్ల. "మన కుండల ఉండేదాన్ని చూడనీకి అంత పెద్ద బడి ఎందుకు బిడ్డా?" అని ఫోనులో వాళ్ళమ్మ నవ్వేది. థీసిస్ రాసి ఇచ్చేసింది కూడా. పరీక్షకులు మాత్రం ఒక మెలిక పెట్టారు. కొత్తగా పెంచిన ఈస్టుతో ఆ దారాల ఫోటో మళ్ళీ తీసి చూపించాలట. జూన్ మొదటి వారంలోగా చూపకపోతే పట్టా లేదు, ఇస్తామన్న ఉద్యోగమూ లేదు. నా కవల సీసా నిరుడు ఇంకో ఫ్రీజరు చెడినప్పుడు పోయింది. ఆ ఈస్టు ఇక నాలో తప్ప ఎక్కడా లేదు.

పద్ధతి ఇదీ. నన్ను కరగనివ్వకుండా పుల్లతో పైపైన గీకి, పళ్ళెంలోని జెల్లీ మీద రాసి, వెంటనే ఫ్రీజరులోకి పంపేయాలి. పళ్ళెం బల్ల మీద ఉంటే రెండు మూడు రోజుల్లో తెల్లటి చుక్కలు లేస్తాయి. ఆ ల్యాబులో ఇరవై అయిదు డిగ్రీల పెట్టె వేరే లేదు, ఏసీ గదే ఆ పెట్టె. ఏళ్ళ తరబడి అందరూ అలాగే పెంచారు.

ఈ మే నెలలో చుక్కలు లేవలేదు. మళ్ళీ గీకింది, లేవలేదు. జెల్లీ మార్చింది, నీళ్ళు మార్చింది, పుల్లలు మార్చింది. అన్నిటినీ అనుమానించింది, గదిని తప్ప.

నాకు తెలుసు. సాయంత్రం ఆరు దాటితే ఏసీలు ఆపేయమని వాచ్‌మన్‌కు కొత్త ఉత్తర్వు వచ్చింది, ఆమెదాకా రాలేదు. పొద్దున ఆమె వచ్చేసరికి మళ్ళీ చల్లబడేది. ఆ మధ్యలో, కిటికీలు మూసిన గదిలో, నేనున్న ఫ్రీజరు కుక్కలా రొప్పుతూ వేడిని ముప్పై ఏడు దాటించేది. చెబుదామంటే నాకు నోరేదీ? ఆ నిస్సహాయత పగవాడికి కూడా వద్దు.

"సీసాల ఉన్నది సచ్చిపోయినట్టుంది మేడం," అంది స్వరూప, గైడు సుభాషిణి గారితో. "మొత్తం కరిగించి పోస్త."

"పోసేస్తే ఇంకేం మిగల్దమ్మా. ఆలోచించుకో."

"ఇప్పుడు మాత్రం ఏమున్నది మేడం?"

శనివారం సాయంత్రం నన్ను గుప్పిట్లో పట్టుకుని కరిగించింది. లోపలివి మెల్లగా మేలుకున్నాయి. బతికే ఉన్నాయి! చివరి బొట్టు వరకూ పళ్ళేల్లో పోసి, వాటికి దండం పెట్టుకుని వెళ్ళింది. ఖాళీ ఒంటితో నేను బల్ల మీదే ఉండిపోయాను. ఆరు దాటింది, ఏసీ ఆగింది. ఇన్నేళ్ళు నా కడుపులో దాచుకున్నవి నా పక్కనే ఉడికిపోతుంటే చూస్తూ ఉన్నాను.

ఆదివారం ఆత్రం ఆపుకోలేక స్వరూప వచ్చింది. తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది.

"ఏసీ ఎవరు బంద్ చేసిన్రన్నా?"

"పొద్దుమూకంగనె బంద్ చేస్తున్నం గదమ్మా, నెల కావస్తుంది. సెలవులల్ల అసలే పెట్టం," అన్నాడు వాచ్‌మన్.

ఆమె పళ్ళేల వంక చూసింది. వేడికి చస్తుందని తానే థీసిస్ నిండా రాసిన ఈస్టు. "నేనే సంపిన," అంటూనే మేడంకి ఫోను చేసింది.

పళ్ళేలను సుభాషిణి గారింటి ఏసీ గదికి చేర్చారు. కొన్నాళ్ళకు ఒకే ఒక్క చుక్క లేచింది. ఆశగా దాన్ని పెంచి, పాత లోపం ఉందో లేదో తేల్చడానికి వేడిలో పెట్టి చూశారు. వేడిలోనూ హాయిగా పెరిగింది.

"ఇది మనది కాదు స్వరూపా. జన్యువుల్లో ఎక్కడో మారిపోయి వేడిని తట్టుకుంటోంది. ఫోటోకి పనికిరాదు."

స్వరూప ఆ పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది. "మరి ఇదొక్కటి ఎట్ల బతికింది మేడం?" అంది.

సుభాషిణి గారి కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. తర్వాత గోడ మీది క్యాలెండరు వంక చూశారు. జవాబు దొరకాలంటే ఏళ్ళు పడతాయి, గడువు ఎల్లుండి.

ఇప్పుడు నేను ల్యాబు మూలన పసుపు సంచిలో ఉన్నాను. ఆవిరిలో ఉడికించి పారేస్తారు. సాయంత్రం స్వరూప ఒక కొత్త సీసాలో ఆ ఒక్క చుక్కను పెంచి పోసి, ఫ్రీజరులోని నా గడిలో పెట్టింది. ఎవరి కోసమో ఆమెకే తెలియదు. మెడలోని ల్యాబు గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆరు కావడానికి ఇంకా టైముంది. వెళ్తూ వెళ్తూ ఏసీ తనే ఆపింది.