కొండకోటలో రెండు దార్లు

హైటెక్ సిటీలోని ఆ ఆఫీసువాళ్లు నాలుగో అంతస్తులో ఫ్రాన్సు దేశపు కొండకోట ఒకటి కట్టారు. రాయీ లేదు, సున్నమూ లేదు. అంతా కళ్లకు తగిలించుకునే పెట్టెలోనే. ఎనిమిది వందల ఏళ్ల నాడు ఆ కోటలో తలదాచుకున్నవాళ్లను, మతం వదులుకోమంటూ సైన్యం చుట్టుముట్టిందట. కంప్యూటరు ముట్టనివాళ్లకు ఇదెలా ఉంటుందో చూడాలని డిజైనర్ కిరణ్మయి, ఆఫీసు ఊడ్చి తుడిచే భూలక్ష్మిని పిలిచింది.

"ఐదు నిమిషాలేనండి. భయపడకండి."

భూలక్ష్మి చేతిలోని మాప్‌ను గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని పెట్టె తగిలించుకుంది. కొండ ఎక్కుతుంటే కూర్చున్నచోటే ఆయాసం వచ్చింది. పైన గోడవారగా ఆడవాళ్లు, ముసలివాళ్లు నిలబడి ఉన్నారు. ఒక గొంతు తెలుగులో చెప్పింది: "మతం వదిలేశామంటే ఎడమ దారిన ఇంటికి పోవచ్చు. వదలం అంటే కుడివైపు మంట."

ఆమె ఎడమకు తిరిగింది.

"ఇప్పటిదాకా చూసినవాళ్లందరూ ఎడమకే వెళ్లారు గానీ, రెండు మూడు నిమిషాలైనా తటపటాయించారు. మీరు రెండు సెకన్లలో వెళ్లిపోయారేంటండి?" అంది కిరణ్మయి.

"అలవాటే మేడమ్," అనేసి నాలుక కరుచుకుంది భూలక్ష్మి.

పక్కనే సెక్యూరిటీ ఆకాష్ ఉన్నాడు. పుప్పాలగూడలో ఆమె కిరాయికుండే గది అతని తల్లి కమలమ్మది. చర్చికి పోయేవాళ్లకు గది ఇచ్చేది లేదని కమలమ్మ, ఆమె భర్త మొదటిరోజే తేల్చి చెప్పారు. అందుకే రెండేళ్లుగా ఆమె ప్రతి ఆదివారం అక్క ఇంటికని చెప్పి ప్రార్థనకు వెళ్తోంది. ఆ గది పోతే కూతురికి బడి దూరమవుతుంది.

"ఏం అలవాటక్కా?" అన్నాడు ఆకాష్.

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ గోడవారగా నిలబడ్డ ఆ ఆడవాళ్లు ఇంకా కళ్లలోనే ఉన్నారు. వాళ్లను వదిలేసి వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది.

"నేను చర్చికి పోత ఆకాష్. ఇయ్యాల మీ అమ్మకు చెప్త."

ఆకాష్ గాభరాపడి ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"అమ్మకు ఎప్పుడో ఎరుకక్కా. తెల్వనట్టుంటే బాపుకు జవాబు చెప్పే పనుండదని గమ్మునుంటది. నువ్వే నోరు తెరిచి చెప్తే ఎట్లుంచుకుంటది? జర ఊకో. నేనేం ఇనలే."

భూలక్ష్మికి గది, కూతురి బడి కళ్లముందు తిరిగాయి.

"ఇన్నవ్ ఆకాష్," అంది.