పట్టపగటి భోజనం

మా మొరాకోలో అరవయ్యో సంవత్సరంలో వచ్చిన అగాదిర్ భూకంపం మీద సినిమా తీస్తున్నారనీ, గుంపులో నిలబడడానికి వయసు మళ్లిన వాళ్లు కావాలనీ తెలియగానే మా ఆవిడ ఇజ్జా తన పేరిచ్చేసింది. ఆ భూకంపంలో తల్లిని పోగొట్టుకున్న మనిషి. అప్పుడు ఆరేళ్ల పిల్ల. ఇరుగుపొరుగు వాళ్లు చేతులతో మట్టి తవ్వి బయటికి లాగారు.

"మా అమ్మ ఎలా పోయిందో నలుగురికీ తెలుస్తుందయ్యా," అంది. నేనూ వెంట వెళ్లాను.

ఊరి బయట పాత పేటలా గోడలు కట్టారు. మిట్టమధ్యాహ్నం ఆడవాళ్లని పెద్ద పళ్లెం చుట్టూ కూర్చోబెట్టి, రొట్టె తుంచి తినమన్నారు. వాళ్లు తింటూ ఉండగా నేల కదులుతుందట. కెమెరా తిరిగింది. ఇజ్జా రొట్టె ముట్టలేదు.

సహాయ దర్శకుడు అన్వర్ పరిగెత్తుకొచ్చాడు. కాసాబ్లాంకా నుంచి వచ్చిన పట్నం మనిషి.

"ఏంటమ్మా, ఆకలిగా లేదా?"

"అది రంజాన్ నెల నాయనా. ఊరంతా ఉపవాసం. మా అమ్మ సాయంత్రం ఉపవాసం విడిచి, గిన్నెలు కడుక్కుని, నన్ను పక్కలో వేసుకున్నాక రాత్రప్పుడు వచ్చింది భూకంపం. పట్టపగలు తినేదెవరు?"

"రాత్రయితే కూలే గోడలు కనపడవు కదమ్మా. చూసేవాళ్లకి ఇవన్నీ ఏం తెలుసు?"

"తెలియదని అబద్ధం చెబుతావా? చచ్చినవాళ్ల నోట్లో ముద్దలు కుక్కుతావా?"

ఆలస్యమవుతోందని దర్శకుడు అరిచాడు. ఇజ్జా లేచి, బట్టలు దులుపుకుని, "పదవయ్యా," అంది. మిగతావాళ్లు తలలు వంచుకుని తిన్నారు.

సినిమా వచ్చింది. చూడనని ఒట్టు పెట్టుకుని కూడా వెళ్లింది. తెర మీద సముద్రం లేచి కొండ మీది కోటని ముంచేసింది. "పాపం, ఆ రాత్రి గట్టు దాటని సముద్రానికి కూడా నింద తప్పలేదు," అని గొణిగింది. తరవాత భోజనం. పచ్చటి తలగుడ్డతో, నోరు బిగించి ఇజ్జా. కన్ను మూసి తెరిచేలోగా అదే చోట నీలం తలగుడ్డతో ఓ లావుపాటావిడ నములుతోంది. హాలంతా గొల్లుమంది.

సినిమాల్లో తప్పులు ఏరి పెట్టే చోటు ఇంటర్నెట్‌లో ఉందట. మా అమ్మాయి రఖియా ఫోనులో చదివి వినిపించింది. నాయకుడి గాయం ఎడమ చెంప నుంచి కుడి చెంపకి మారిందట. పగిలిన కిటికీ మళ్లీ అతుక్కుందట. పచ్చ తలగుడ్డ ముసలమ్మ మాయమైందట.

"ఉపవాసం సంగతో?"

"లేదమ్మా."

"ఇంకా కిందికి చూడవే."

"అయిపోయిందమ్మా."

ఇజ్జా ముఖం కందిపోయింది. "గుడ్డ రంగు పట్టుకున్నారు, గాజుపెంకు పట్టుకున్నారు! ఊరు ఊరంతా ఉపవాసం ఉన్న సంగతి ఒక్కడి కంటికీ ఆనలేదూ? నేను లేచి రావడం తప్పట! వాళ్లు తినిపించడం తప్పు కాదట!"

రఖియా సంగతంతా రాసి పంపింది. కొన్నాళ్లకి, "వేశారమ్మా!" అంటూ సంబరంగా వచ్చింది. 'చిన్న చిన్న పొరపాట్లు' అన్న చోట, గాయానికీ కిటికీకీ మధ్య ఒక్క ముక్క: 'అది ఉపవాస మాసం.'

"చిన్నదా?" పిండి కలుపుతున్న ఇజ్జా చేతులు ఆగిపోయాయి. "మా అమ్మ చిన్న పొరపాటా? కూర్చో. మళ్లీ రాయి. ముందు మా అమ్మ పేరు రాయి. తూదా. కొండ కింది పేటలో ఉండేదని రాయి. ఆ రోజు పొద్దు గూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదని రాయి."

రఖియా రాసింది. ఈసారి వాళ్లు వేయలేదు. వేసేదాకా రాయిస్తానంటోంది ఇజ్జా.