జట్టులో లేని ఢోల్

సురంగపాలి యూనివర్సిటీ ఎంత చిన్నదంటే, గేటు దగ్గర ఎవరైనా తుమ్మితే కాంటీన్లో చకులి అట్లు కాల్చే ఆవిడ "చిరంజీవ" అనేది. "పెద్ద చోట్ల మందలో కలిసిపోతారర్రా, ఇక్కడ ప్రతి మొహమూ మాకు తెలుసు, ఎవరికీ అవకాశం తప్పిపోదు" అని చేరిన రోజునే మాస్టార్లు పిల్లలందరికీ ఊదరగొట్టేవారు. దేబార్చన్ సునా నమ్మాడు. నమ్మడమే వాడి తప్పంటే, ఆ కబుర్లు చెప్పినవాళ్ళని ఏమనాలి?

దేబా ఎంఏ చరిత్ర ఆఖరి ఏడు చదువుతున్నాడు. వాళ్ళ నాన్న, తాత పెళ్ళిళ్ళకీ జాతరలకీ ఢోల్ వాయించినవాళ్ళు. ఆ పడమటి ఒడిశా వైపు ఢోల్ వాయించడం వాళ్ళ కులం పని. అక్కడి జానపద నృత్యం దల్ఖాయి ఆడే ఆడపిల్లలు ఆట మొదలెట్టే ముందు ఢోలుకి వంగి దణ్ణం పెడతారు. దాన్ని భుజాన మోసినవాడికి మాత్రం అన్నం వాకిట్లోనే పెడతారు. ఇందులో వింతేముందని ఎవరికీ అనిపించదు, అదీ అసలు రోగం.

ఒకరోజు హాస్టల్ కుళాయి దగ్గర దేబా బకెట్ బోర్లించి వాయిస్తుంటే పాణిగ్రాహి సారు చూశాడు. యూనివర్సిటీలో ఆటపాటల వ్యవహారమంతా ఆయనదే.

"ఒరే, బంగారం చేతిలో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాన్రా! మన కుర్రాడే ఉండగా కింది ఊరినించి బాజావాళ్ళని పిలవడం ఎందుకు? రేపటినించి రా, మన జట్టులో నువ్వూ ఒకడివి."

మన జట్టు. ఆ మాట పట్టుకుని దేబా చలికాలమంతా వాయించాడు. క్లాసు పోగొట్టుకుని వాయించాడు, వేళ్ళకి గుడ్డ చుట్టుకుని వాయించాడు. జట్టులో దల్ఖాయి ఆడే ఇతిశ్రీ ప్రధాన్, మిగతా అమ్మాయిలూ అడుగు తప్పినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచీ వాయించాడు. వాడు క్లాసుకి వెళ్ళక తప్పని రోజున ఆడుకోవడానికని ఇతిశ్రీ వాడి ఢోల్ ఫోనులో రికార్డు చేసుకుంది. "మా కాళ్ళు నీ చేతుల్లో ఉన్నాయిరా దేబా" అనేది.

భువనేశ్వర్లో యూనివర్సిటీల పోటీలు. అక్కడ బాగా రాణించిన విద్యార్థుల్ని ఢిల్లీ నుంచి వచ్చిన గురువులు ఎంచుకుని, రెండేళ్ళు జీతమిచ్చి నేర్పిస్తారు. దేబాకి కావలసింది అదొక్కటే. పెళ్ళి ఊరేగింపు వెనకాల తాగుబోతుల తిట్లు తింటూ కాకుండా, ఒక గురువు ఎదుట కూర్చుని వాయించాలి. ఇంకేమీ అక్కర్లేదు.

పోటీల పొద్దున మెడలో వేసుకునే బిళ్ళలు పంచారు. ఇతిశ్రీకి 'విద్యార్థి' అని రాసిన ఎర్ర తాడు బిళ్ళ. అమ్మాయిలందరికీ ఎర్ర తాళ్ళే. దేబాకి నీలం తాడు. దాని మీద 'వాయిద్యం, బయటి వ్యక్తి' అని ఉంది. ఎర్ర తాడు ఉన్నవాళ్ళకి హాస్టల్ గదులు, నీలం తాళ్ళవాళ్ళకి వ్యాయామశాలలో నేలమీద చాపలు. ఢిల్లీ గురువుల ముందుకి పిలిచేది ఎర్ర తాళ్ళని మాత్రమే.

దేబా పరుగున వెళ్ళాడు. పాణిగ్రాహి సారు టీ తాగుతున్నాడు.

"సార్, నాకు నీలం ఇచ్చారు."

"వాయిద్యాలకి నీలమే కదరా."

"నేను స్టూడెంటుని సార్. మీకు తెలుసు కదా!"

"కాదని ఎవరన్నార్రా? ఏటా బాజావాళ్ళని బయటివాళ్ళ కింద రాస్తాం. నీదీ అలవాటుగా అక్కడే రాసేశాను. చెయ్యి అలా పోయింది."

"మీ చెయ్యి పోతే పోయేది నా బతుకా? ఇప్పుడే వెళ్ళి మార్చమనండి సార్."

"ఇప్పుడెక్కడ కుదురుతుందిరా? అడిగితే మనకే పరువు తక్కువ. తాడు రంగు కోసం ఇంత రభసేమిటి? వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు నేను ఉండను సార్."

"అయితే నేనేం చెయ్యను?" అని ఆయన టీ ఊదుకున్నాడు.

దేబాకి ఒళ్ళు మండిపోయింది. ఆయన కావాలని పగబట్టి చేసి ఉంటే కొంత నయం, కనీసం మనిషిగా చూసినట్టుండేది. ఇది అదీ కాదు. వాడి మొహం తెలుసు, పేరు తెలుసు, రోల్ నంబరు తెలుసు, అయినా ఢోల్ కనబడగానే ఆయన చెయ్యి దానంతటది వాడిని వాకిట్లో కూర్చోబెట్టింది.

"నేను వాయించను" అన్నాడు.

అమ్మాయిలు గొల్లుమన్నారు. ఇతిశ్రీ వచ్చి చెయ్యి పట్టుకుంది. "మా అందరి కష్టంరా దేబా. ఈ ఒక్కసారికి వాయించెయ్, నీకు పుణ్యముంటుంది."

"సరే. నీ తాడు నాకిచ్చి, నాది నువ్వు వేసుకుని ఆడు."

ఇతిశ్రీ చెయ్యి తన మెడ దగ్గరికి వెళ్ళింది. ఎర్ర తాడుని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని తల దించుకుంది.

పాణిగ్రాహి సారు మాత్రం క్షణంలో తేరుకున్నాడు. "వీడి బోడి బెదిరింపులకి ఎవరు భయపడతారు? అమ్మాయ్, నీ ఫోనులో రికార్డు ఉందిగా! పెట్టుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది."

అలా సురంగపాలి జట్టు వేదికెక్కింది. తెర పక్కన దేబా ఢోల్ మెడలో వేసుకుని నిలబడ్డాడు. పెద్ద పెద్ద స్పీకర్లలోంచి వాడి ఢోలే మోగింది. వేళ్ళకి గుడ్డ చుట్టుకుని వాయించిన ఆ వాయింపే. సొమ్ము ఎవరైనా దొంగిలిస్తే పోలీసుల దగ్గరికి వెళ్ళొచ్చు. నీ చేతుల్ని నీకే ఎదురు పెడితే ఎవరితో చెప్పుకుంటావు? వాడికి కళ్ళు కనబడలేదు. నేరుగా వేదిక మీదికి నడిచాడు.

మొదట రికార్డుతో కలిసి వాయించాడు. జనం ఈలలు వేశారు, ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. తర్వాత కొద్దికొద్దిగా వేగం పెంచాడు. చలికాలమంతా వాడి చేతుల్ని నమ్ముకున్న కాళ్ళు అవి, రికార్డుని వదిలేసి వాడి వెంట పడ్డాయి. ఇతిశ్రీ మొహంలో భయం కనిపిస్తూనే ఉంది, కాళ్ళు మాత్రం ఆగలేదు. అప్పుడు దేబా టక్కున ఆపేశాడు. అమ్మాయిలందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. స్పీకర్లలో ఢోల్ మోగుతూనే ఉంది, ఆడేవాళ్ళు లేరు.

"వాయించింది నేను! నేను స్టూడెంటుని!" అని అరిచాడు. ఆ గోలలో ఎవరికి వినిపించిందో తెలీదు. జట్టుని పోటీ నుంచి తీసేశారు. ఢిల్లీ గురువులు వాడి పేరైనా అడగలేదు.

సురంగపాలికి తిరిగొచ్చాక విచారణ పెట్టారు. రిజిస్ట్రారమ్మ కాగితం చదివింది. "విద్యార్థి దేబార్చన్ సునా క్రమశిక్షణ ఉల్లంఘించినందున..."

"ఆగండి మేడం. ఎవరని రాశారు?"

"విద్యార్థి."

"భువనేశ్వర్లో నేను బయటి బాజావాణ్ణి. కూలికి వచ్చినవాడు వాయించకపోతే కూలి ఎగ్గొట్టండి, అంతే. సస్పెండ్ చెయ్యడానికి మీకేం హక్కుంది? నేను స్టూడెంటునని తన్నేటప్పుడే గుర్తొస్తుందా మీకు?"

ఆవిడ పాణిగ్రాహి వైపు తిరిగింది. "ఏమిటండీ ఇది? ఈ అబ్బాయి మన విద్యార్థేనా?"

"విద్యార్థే మేడం. కానీ..." ఆయన నిజంగానే అయోమయంగా చూశాడు. "ఢోల్ వాయిస్తాడు కదండీ."

గదిలో ఎవరూ ఆ మాటకి అభ్యంతరం చెప్పలేదు. నెల రోజుల సస్పెన్షన్ ఖాయమైంది.

దేబా సంతకం పెట్టి కాగితం తీసుకున్నాడు. కింద హాల్లో, బహుమతులు గెలిచిన పిల్లల ఫొటోలు వరసగా పెట్టే బోర్డు ఉంది. వాటి మధ్యలో చోటు చూసుకుని ఆ కాగితాన్ని నాలుగు వైపులా అంటించాడు. ప్యూను కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"నీకేమైనా పిచ్చా బాబూ? పరువు తీసుకుంటావా? పీకెయ్!"

"ఉండనీ దాదా," అన్నాడు దేబా. "నేను ఇక్కడ చదివానని వీళ్ళిచ్చిన సర్టిఫికెట్ ఇదొక్కటే."