దాటింది అంటే

ఆ రోజు మేడమీది ఇంట్లో ఆరుగురు ఉన్నారు. నాన్నమ్మ, అమ్మ, వీధి చివరి టైలరత్త, ఆమె కూతురు, ఆ కూతురికి పుట్టిన పదకొండు రోజుల పసిపాప, మూలన ట్రంకుపెట్టె మీద ముడుచుకుని కూర్చున్న గుసగుస. టైలరత్త తన కుట్టుమిషను తలకాయకు దుప్పటి చుట్టి మంచం మీద పడుకోబెట్టింది కాబట్టి దాన్ని కూడా మనిషి కింద లెక్కేస్తే ఏడుగురు.

గుసగుస అంటే ఆ ఇంటి పిల్లే. పదిహేనేళ్ళొచ్చినా ఆ పిల్ల మాట పక్కనున్నవాళ్ళకి సగమే వినపడేది. బడిలో హాజరు పలికినా మాస్టారు రెండోసారి పిలిచేవారు. ఇంటికి ఎవరైనా వస్తే వంటింటి తలుపు వెనక్కి చేరేది. అందుకే వీధి వీధంతా కలిసి ఆ పేరు పెట్టింది.

ఉండవలసిన మనిషి బాబాయి మాత్రం ఇంట్లో లేడు. ఆయన పంపులు బాగుచేసే మెకానిక్. తుపాను వస్తోందని వారం రోజులు పని మానుకుని మరీ ఇంటింటికీ తిరిగాడు. మంచినీళ్ళు పట్టి మూతలు పెట్టుకోమన్నాడు, ముఖ్యమైన కాగితాలు పాలిథిన్ సంచీలో కట్టుకోమన్నాడు, టార్చిలో కొత్త సెల్లు వేసుకోమన్నాడు, పల్లంలో ఉన్నవాళ్ళని మేడ మీదికి రమ్మన్నాడు. "వానకంటే ముందు నువ్వే కురుస్తున్నావయ్యా" అని సైకిలు షాపతను వేళాకోళం చేశాడు. బాబాయి కోపం తెచ్చుకోలేదు. "నవ్వండి. నవ్వుతూనే ఆ మూట కట్టండి" అన్నాడు. వీధిలో ఆయన మాటకి మొదట తలొగ్గింది టైలరత్తే. ఇంట్లో బాలింత ఉంది, మొగుడు ఊళ్ళో లేడు, ఇల్లేమో కాలవ గట్టుకి ఆనుకుని ఉంది. ఆమె ఒప్పుకున్న మరుక్షణం బాబాయి మిషను తలకాయ విప్పి, భుజానికెత్తుకుని, పసిపిల్లను మోసినంత జాగ్రత్తగా మెట్లెక్కించాడు.

పొద్దున్నే కాలవ దగ్గర పెద్ద పంపు మొరాయించిందని ఆయనకి కబురొచ్చింది. వెళుతూ వెళుతూ గుసగుస నెత్తి మీద చెయ్యి వేశాడు.

"నేనొచ్చేదాకా వీళ్ళనెవర్నీ కిందికి దిగనివ్వకు. నువ్వే కాపలా."

"బాగుంది వరస" అంది అమ్మ. "దొంగొచ్చినా దారిచ్చి పక్కకి నిలబడే రకం అది."

మధ్యాహ్నం ఒంటిగంటకి రేడియో పలికింది. తుపాను తీరం దాటింది. ఆ ముక్క తర్వాత గరగర తప్ప ఇంకేమీ వినపడలేదు. కిటికీలోంచి చూస్తే వాన కూడా సన్నగిల్లింది. నాన్నమ్మ రెండు చేతులూ జోడించింది. "దాటిపోయింది. గండం గడిచింది."

టైలరత్త ఆ మాట కోసమే కూర్చున్నట్టు లేచింది. రెండు రోజులుగా ఆమెను తినేస్తున్నది తుపాను భయం కాదు, మొహమాటం. పరాయి ఇంట్లో బాలింతతో దిగడం, వేళకి వేన్నీళ్ళు కాయించుకోవడం, పాప ఏడ్చినప్పుడల్లా అందరి నిద్రా చెడగొట్టడం ఆమెకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

"మీ మేలు ఈ జన్మకి మరిచిపోనొదినా. ఇంక మా కొంపకి మేం పోతాం. మిషను రేపు తీసుకెళ్తా."

"ఉండరాదూ, తొందరేముంది" అంది అమ్మ. అంది గానీ, ఆపలేదు. అమ్మ కూడా తుపాను దాటిపోయిందనే అనుకుంది.

గుసగుసకి పోయిన ఏడు సైన్సు మాస్టారు నల్లబల్ల మీద గీత గీసి, ఇటు సముద్రం, అటు నేల అని చెప్పిన పాఠం కళ్ళ ముందు నిలిచింది. తీరం దాటడమంటే వెళ్ళిపోవడం కాదు. నేల మీదికి రావడం. తీరం అక్కడికి ముప్ఫై మైళ్ళే. "అత్తా" అంది. ఎవరికీ వినపడలేదు. "అది దాటలేదు, అంటే దాటింది గానీ..." అంది. "ఏంటే సణుగుతావు, అడ్డం లే" అంది అమ్మ. టైలరత్త కూతురు పాపను పొదివి పట్టుకుని అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆ పిల్ల ఒక్క నిమిషం గోడకి అంటుకుపోయి నిలబడింది. పసిపాప ముఖం గుర్తొచ్చింది. చెప్పుల్లేకుండానే పరుగెత్తింది.

వీధిలో చీలమండ లోతు నీళ్ళు. ఆమె చేరేసరికి టైలరత్త తాళం తీస్తోంది.

"అత్తా, లోపలికి వెళ్ళకు."

"ఏం, మేం ఏదైనా మర్చిపోయామా?"

"తుపాను పోలేదు. ఇప్పుడే వస్తోంది."

"నీ మొహం. దాటిందని రేడియోవాడు చెప్తే నువ్వు విన్లా?"

గుసగుస టైలరత్త కాలు పెట్టబోతున్న గడప వంక చూసింది.

"మనిషి గడప దాటాడంటే పోయినట్టా, వచ్చినట్టా?"

"పోయినట్టే. మీ మామ గడప దాటాడంటే రాత్రికి గానీ కొంపకి రాడు."

"మామ లోపల్నుంచి బయల్దేరతాడు. ఇది సముద్రంలోంచి బయల్దేరింది కదత్తా. బయటనుంచి వచ్చే చుట్టం గడప దాటితే ఎక్కడుంటాడు? మన ఇంట్లో కాదూ?"

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. టైలరత్త తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, మోరీ చూడు" అంది కూతురు.

ఎప్పుడూ వీధిలోంచి కాలవలోకి పారే మురుగు మోరీ, కాలవలోంచి వీధిలోకి పారుతోంది. ఎవరిదో చెప్పు ఒకటి ఎదురెక్కి వచ్చి వాళ్ళ గడపకి తగిలింది. దూరంగా ఆకాశం కాటుకలా నల్లబడి ఉంది.

టైలరత్త మళ్ళీ తాళం వేసింది. "పద" అంది. పాపను కూతురి చేతుల్లోంచి అందుకుని పైటలో చుట్టింది. బాలింత రెక్క ఒకటి గుసగుస పట్టుకుంది. సగం దారిలో గాలి వెనకనుంచి తోసింది. మెట్ల దగ్గరికి చేరేసరికి నీళ్ళు పిక్కలు తాకుతున్నాయి.

గుమ్మం దగ్గర అమ్మ ముఖం పాలిపోయి ఉంది. టైలరత్త ఆమెతో, "మీ పిల్ల మాట్లాడిందొదినా. మాట్లాడబట్టి నా బిడ్డా, దాని బిడ్డా ఇలా మెట్లెక్కారు" అంది. అమ్మ తన పైట చెంగుతో గుసగుస తల తుడవడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి ఏడుపొచ్చింది. చెప్పినందుకు కాదు, వాళ్ళు విన్నందుకు.

కిటికీలోంచి కింద సైకిలు షాపతను కనపడ్డాడు. కట్టిన మూటలు విప్పి, సామాను మళ్ళీ షాపులో సర్దుకుంటున్నాడు. ఎదురింటి ముసలాయన అరుగు మీదికి కుర్చీ తెచ్చుకుంటున్నాడు. వాళ్ళకీ రేడియో ఉంది.

"వాళ్ళకీ చెప్పాలి" అని గుసగుస మెట్ల వైపు తిరిగింది.

టైలరత్త ఆమె రెక్క పుచ్చుకుని లోపలికి లాగింది. పైటలోంచి పాపను తీసి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది.

"నాకు చెప్పావు కదా, చాలు. నాకు చెప్తే ఊరందరికీ చెప్పినట్టే. గడప మాట నాకు నోటికొచ్చేసింది, నేను చెప్పొస్తా. నువ్వు నా మనవరాల్ని చూసుకో తల్లీ."

గుసగుస ఇంకా ఏదో అనబోయింది. టైలరత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఆమె ముఖం మీదే తలుపు మూసి, వెంట రాకుండా బయటనుంచి గడియ పెట్టేసింది.