ఎర కాకి

కాకి మెడ అత్త తిప్పుతుంటే చూడటానికి రెండు కళ్లూ చాలవు. కోడలు మాత్రం ఆ రెండూ గట్టిగా మూసుకునేది.

గొర్రెలు ఈనే కాలంలో కాకులు ఊరుకోవు. తల్లి నొప్పులతో పడి ఉండగానే, సగం బయటికొచ్చిన పిల్ల కళ్లు పొడుచుకు తింటాయి, నాలుక పీకేస్తాయి. కళ్లు పోయినది బతికినా బతుకుతుంది. నాలుక పోయినది పాలు కుడవలేదు, అంతే సంగతి. కిందటేడు అలా చాలా పిల్లలు పోయాక అత్త వైరుతో రెండరల బోను చేయించింది. ఒక అరలో రెక్క ఈకలు కత్తిరించిన బతికున్న కాకి. మా చోట్లోకి ఈ కొత్తది ఎక్కడినుంచి ఊడిపడిందని మిగతావి దాని మీదికి దెబ్బలాటకొచ్చి రెండో అరలో దిగుతాయి. తలుపు టపీమని పడుతుంది. అత్త చెయ్యి పెట్టి, పడ్డదాన్ని బయటికి లాగి, మెడ పుటుక్కుమనిపించేది.

ఎర కాకికి మాత్రం రాజభోగం. నీళ్లు, మాంసం ముక్కలు, ఎండకు గోనెపట్టా నీడ. కూర్చున్నచోటికే అన్నీ వస్తున్నాయని అత్త దానికి 'అల్లుడుగారు' అని పేరు పెట్టింది. ఆవిడకు కూతుళ్లు లేరు. ఆ ముచ్చట అలా తీర్చుకుంది.

ఈ ఏడు అత్త మోకాలు వాచి మంచమెక్కింది. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. బోను పని కోడలి నెత్తిన పడింది.

"కళ్లు మూసుకుని తిప్పితే సగమే చస్తుందే. చూసి తిప్పు," అంది అత్త.

"నా వల్ల కాదత్తా."

"రేపు నీ పొట్టిది ఈనేటప్పుడు కాకులకూ ఆ మాటే చెప్పు."

పొట్టిది కోడలు పెంచిన గొర్రె. తల్లి చచ్చిన పిల్లను వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టుకుని, సీసాతో పాలు పట్టి బతికించుకుంది. ఇప్పుడు దానికి తొలిచూలు. కోడలి ప్రాణాలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి.

బోను ఉండే చోటు పొలం ఆ చివర, ముళ్లకంచె దగ్గర. రోజూ అంతదూరం నీళ్లు మోయలేక కోడలు దాన్ని తోపుడుబండి మీద తెచ్చి గొర్రెల పాక వెనకే పెట్టుకుంది. తెలివి మరీ ఎక్కువైతే ఇలాంటి పనులే చేయిస్తుంది. అత్తకు చెప్పలేదు. చెబితే తిట్లు తప్పవు. పడ్డ కాకిని చంపబుద్ధిగాక రెండో అరలోనే ఉంచేసేది. అదీ అల్లుడుగారూ కలిసి గోల చేసేవి. ఆ గోలకు చుట్టుపక్కల కాకులన్నీ వచ్చి పాక కప్పు మీద వాలాయి. ఇన్ని వస్తున్నాయంటే బోను బాగా పనిచేస్తోందనుకుంది పిచ్చిది.

మధ్యాహ్నం పొట్టిదానికి నొప్పులు మొదలయ్యాయి. కోడలు వేడినీళ్లు తేవడానికి వంటింట్లోకి పోయి వచ్చింది. అంతే.

పాకలో మూడు కాకులున్నాయి. ఒకటి పొట్టిదాని డొక్క మీద నిలబడి ఉంది. రెండు కింద తడిపిల్లను చెరోవైపు లాగుతున్నాయి. పిల్ల కళ్ల చోట రెండు ఎర్రటి గుంటలు. నోట్లోంచి నెత్తురు.

కోడలు నోరు తెరిచి అరిచిన అరుపు మనిషిది కాదు. బిందెలోని వేడినీళ్లు కాకుల మీద కుమ్మరించింది. ఒకటి రెక్కలు కొట్టుకుంటూ పడితే కాలితో తొక్కింది, కరకరమనేదాకా. ఇంకొకటి ఆమె చెయ్యి చీరేసి మూలకు ఎగిరింది. పార తీసుకుని గోడకేసి కొట్టింది. చచ్చాక కూడా కొట్టింది. మూడోది తప్పించుకుంది. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు.

అరుపు విని అత్త కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చింది. వస్తూనే పాక వెనకున్న బోను చూసింది.

"దీన్ని ఇక్కడికి ఎవరు తెచ్చారే?"

"నేనే."

"పిలిచి పీట వేశావు కదే!"

పొట్టిది మళ్లీ మూలిగింది. అత్త గడ్డిలో కూలబడి చెయ్యి పెట్టి చూసింది. "ఆపు ఏడుపు. కడుపులో ఇంకోటుంది."

కప్పు మీద గోళ్ల చప్పుడు. వెనక అల్లుడుగారు కావుకావుమంటూనే ఉంది.

"దాని మెడ విరిచేస్తాను," అంది కోడలు.

"విరిస్తే వీటిని ఇక్కణ్ణించి ఎలా లాగుతావు? దాన్ని కంచె దగ్గరికి తోలుకుపో." అత్త గడ్డిలో పిల్లను చూపించింది. "దాన్నీ తీసుకుపో."

పిల్లకు ఇంకా ఊపిరుంది. నాలుకలేని నోటితో పొదుగు వెతుక్కుంటోంది. కోడలు దాన్ని ఒళ్లోకి తీసుకుంది. మెడ పట్టుకుంది. చూసి తిప్పింది.

బోనులో పడి ఉన్న కాకి మెడ కూడా విరిచి, ఆ అరలో పిల్లను పడుకోబెట్టింది. బండి తోసుకుంటూ పొలం ఆ చివరకు నడిచింది. నెత్తుటి వాసన ముందు పోతుంటే కప్పు మీది కాకులన్నీ లేచి ఆమె నెత్తిమీదే వెంటబడ్డాయి. కంచె దగ్గర రెండో అర తలుపు ఎత్తి గోనెపట్టా తీయగానే, వైరు సందులోంచి ముక్కు దూర్చి మొదటి ముక్క లాగింది అల్లుడుగారే.

తలుపు పడింది. ఆమె చెయ్యి పెట్టింది, తిప్పింది, పారేసింది. తలుపు మళ్లీ ఎత్తి పొదల్లోకి జరిగింది. మళ్లీ పడింది. మోచేతుల దాకా నెత్తురు. అందులో ఎంత తనదో ఆమెకు తెలియదు.

పొద్దు వాలుతుండగా పాక దగ్గర్నుంచి అత్త కేక వినిపించింది.

"ఆడపిల్లేనే! కళ్లు రెండూ ఉన్నాయి! పాలు కుడుస్తోంది, వచ్చి చూసుకో!"

కోడలు రెండడుగులు వేసింది. కంచె మీది కాకులు రెండు లేచి పాక వైపు తిరిగాయి. ఆమె ఆగిపోయింది.

"నేను రానత్తా!" అక్కణ్ణించే అరిచింది. "నేనొస్తే ఇవీ వస్తాయి. నువ్వే చూసుకో!"

వెనక్కి వచ్చి బోను తలుపు మళ్లీ ఎత్తింది.