నీళ్లాయన గేరుబాక్సు

ముప్పై ఏళ్లు ఊరందరికీ నీళ్లు వదిలిన పంపు ఆపరేటరుకు వంతెన కింద నిలిచిన వాన నీళ్లు ఒక లెక్కా? రిటైరయినా వీధిలో అందరూ ఆయన్ని నీళ్లాయన అనే పిలుస్తారు. శుక్రవారం సాయంత్రం నాలుగు కార్లు, రెండు లారీలు ఆగిపోయిన చోట ఆయన కంటితోనే లోతు కొలిచి, మోకాలు దాటదని తేల్చి, వ్యానును దింపేశాడు. నీళ్లు తలుపు సగం దాకా వచ్చాయి. ఎలాగో అవతల తేలాడు. ఆగినవాళ్లలో ఎవరో ఈల కూడా వేశారు. అది మెప్పేనని ఆ రాత్రంతా నమ్మాడు.

వ్యాను ఆయనది కాదు, భార్యది. పదకొండు మంది పిల్లల్ని రోజూ బడికి చేర్చేది ఆవిడే. ఆవిడ అక్కను చూడ్డానికి వెళితే, "కాస్త కడిగి పెడతాలే" అని తాళం పుచ్చుకున్నాడు. కడగడమైతే బాగానే కడిగాడు. సోమవారం ఏడింటికి వ్యాను మొదటి పిల్ల ఇంటి ముందు ఉండాలి. ఒక్కరోజు తప్పినా బడివాళ్లు ఆ దారి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అలా ఒకాయన ఒకరోజు రాకపోబట్టే అది ఈవిడకు వచ్చింది.

శనివారం గేరు మార్చబోతే లోపల పళ్లు కొరికిన చప్పుడు. గేరుబాక్సులో గాలి ఆడటానికి పైన సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది, అందులోంచి నీళ్లు దూరి నూనెలో కలిశాయన్నమాట. గొట్టాల సంగతి ఈయనకు ఒకరు చెప్పాలా? శుక్రవారమే గుర్తొచ్చుంటే ఇంకా బాగుండేది. మెకానిక్ దగ్గరికి వెళ్దామంటే అతను ఆవిడకు పినతల్లి కొడుకు, తమ్ముడి వరస, గంటలో కబురు చేరిపోతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకుని, కాలు తానే కడుక్కుందామని నిశ్చయించాడు.

ఆదివారం పొద్దున్నే వ్యాను కింద దూరి, గేరుబాక్సు అడుగు బోల్టు విప్పాడు. పాలు ఎక్కువైన టీలాంటిది నురగతో దిగింది. దాన్ని బట్టలు నానబెట్టే తొట్టిలో పట్టాడు. తన పనితనానికి తనే ముచ్చటపడ్డాడు. ఇక కొత్త నూనె పోయాలి. పోసేది పక్కన కాస్త పైనున్న బోల్టు విప్పి. అది తుప్పు పట్టి కూర్చుంది. బలం కొద్దీ తిప్పితే దాని అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి, బోల్టు మాత్రం కదల్లేదు. ఉన్న నూనె పోయింది, కొత్తది పోసే దారి లేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

మధ్యాహ్నం ఆవిడ వచ్చేసరికి వ్యాను కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి.

"ఏమండీ, నా తొట్టిలో అదేమిటి?"

తేలు కుట్టిన దొంగలా కాళ్లు లోపలికి లాక్కోబోయాడు. అవి దాచుకోవడం కుదరక మొత్తం చెప్పేశాడు. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది.

"తమ్ముడు ఎప్పుడైనా పై బోల్టు వదులయ్యాకే కిందది ముట్టుకుంటాడు. పైది రాకపోతే నూనె ఎటునుంచి పోస్తారు?"

"ముప్పై ఏళ్లు పంపులు..."

"పంపుల్లో పోశారు లెండి. లేచి జాకీ పెట్టి ఆ వెనక చక్రాలు రెండూ గాల్లోకి ఎత్తండి."

ఆవిడ లోపలికెక్కి గేరు రాడ్డు కింది మూత విప్పి, రాడ్డు పైకి లాగింది. ఈయన అడుగు బోల్టు బిగించాక, ఆ కంతలోంచి గరాటుతో లోపల కడగడానికి పలచటి నూనె పోసి, రాడ్డు మళ్లీ బిగించి, ఇంజను వేసి గేర్లన్నీ ఒక్కొక్కటే మార్చింది. ఇంజను ఆపాక ఈయన దూరి, బోల్టు విప్పి ఆ నూనెను కింద పట్టాడు. మొదటిసారి తెల్లగా వచ్చింది. రెండోసారి కాస్త నయం. మూడోది తేటగా దిగుతుంటే ఇద్దరూ తొట్టి పక్కన కూర్చున్నారు.

"అసలెందుకు దింపారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, ఒంటినిండా నూనెతో అబద్ధమాడటానికి సిగ్గేసింది.

"నీకోసం రోజూ పదకొండు ఇళ్ల ముందు ఎదురుచూస్తారే. పంపు వదిలాక నన్ను చూసే దిక్కు లేదు. అక్కడ అందరూ చూస్తున్నారని..."

ఆవిడ గుడ్డతో చేతులు తుడుచుకుంది. "పోయిన వానల్లో నెలరోజులు ఆ నీళ్ల దగ్గర ఆగి, వెనక్కి తిప్పుకుని, చుట్టుదారిన వెళ్లాను. వెనక్కి తిప్పేవాళ్లని ఎవరూ చూడరండీ."

ఆయన అడుగు బోల్టు బిగించి, సీసాతో కొలిచి కొత్త నూనె అందించాడు.

సోమవారం ఆవిడ కంటే ముందే లేచి, చెప్పకుండా వంతెన దాకా నడిచాడు. నీళ్లు ఇంకా తగ్గలేదు. ఎవరో కుర్రాడు బండి దింపుతుంటే జనం అటే చూస్తున్నారు. ఆవిడ వ్యాను వచ్చి ఆగింది. రివర్సు గేరు చప్పుడు లేకుండా పడింది. వ్యాను మెల్లగా వెనక్కి తిరిగి చుట్టుదారి పట్టింది. అది మలుపులో కనుమరుగయ్యేదాకా నీళ్లాయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు.