అనలా, అణువా

మూడో గంప ఊక పొయ్యి నోట్లో కుమ్మరించి, చౌడయ్య ప్రెషరు ముల్లు వైపు చూశాడు. ఏడు. ముల్లు ఏడు మీద నిలిచిందంటే తొట్లలో వడ్లు ఉడుకుతాయి, మిల్లు ఓనరు నటరాజు మొదలాళి ఉడకడు.

అరవదేశంలోని కనకమ్మ సత్రం అనే ఊళ్ళో, ఉప్పుడు బియ్యం మిల్లులో ముప్పైయొక్క ఏండ్లుగా ఆయన బాయిలరు మనిషి. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి. మోచేతుల దాకా చర్మం మాడిన అప్పడం. ఊక దగ్గర ఊరక కూర్చున్న రోజు లేదు. కూర్చునేది ఆయన క్యారియరే, ఆవిరి గొట్టం మీద. భార్య కోకిల పొద్దున కట్టిన పులుసన్నం ఒంటిగంటకు పొగలు కక్కుతుంది.

ఆ రోజు పదకొండింటికి విద్యాలక్ష్మి అనే ఇంజనీరమ్మ వచ్చింది. మిల్లుకు ఎంత ఆవిరి కావాలో రాసుకుంటూ, ముందు ముందు అది బయటినుంచే గొట్టంలో వస్తుందని నటరాజుకు చెప్పింది. ఊక షెడ్డులో ఊకదంపుడు అనుకున్నాడు చౌడయ్య. కానీ నటరాజు బాయిలరును చూసిన చూపు, సంతకు తోలబోయే ముసలి ఎద్దును చూసే చూపు. చౌడయ్యకు వేరే పని రాదు.

“యాడ్నించి వస్తాదమ్మా? ఆత్తిపట్టు అనల్ నించా?”

“అనల్ కాదు పెద్దాయనా, అణు.”

అరవంలో అనల్ అంటే నిప్పు; ఆత్తిపట్టులో బొగ్గు మండించే కరెంటు కేంద్రాన్నీ అట్లాగే అంటారు. నిప్పుతో బతికినవాడికి ఒక్క అక్షరం తేడాతో బతుకు జారేట్టుంది. అణు కేంద్రంలో కరెంటుకు పోను మిగిలిన బోలెడు వేడి సముద్రం పాలవుతుందనీ, అందులో కొంత ముందే ఆవిరిగా మళ్ళిస్తే మిల్లులు కూడా నడుస్తాయనీ ఆమె వివరించింది. ఒకే వేడి, రెండు పనులు.

చౌడయ్య గొట్టం మీది క్యారియరు చూపించాడు. “ఆ కిటుకు మాకు ముందే తెలుసు.”

ఆమె నవ్వింది. ఆయన గొంతు తగ్గించి, ఎన్నేండ్లు పడతాదని అడిగాడు. ఇంకా కాగితం మీదే ఉందనీ, పదిహేనేళ్ళకు తక్కువ కాదనీ అంది.

“అట్లయితే నేనుండేదాకా ఇది ఉంటాది,” అన్నాడు చౌడయ్య, బాయిలరు తలుపు తట్టి.

ఆమె వెళ్ళాక ఇంకో గంప కుమ్మరించి, ఊక బస్తాకు ఆనుకుని కూర్చున్నాడు. ఊరకే.

ముల్లు ఆరుకు దిగింది, తర్వాత ఐదుకు. తొట్లకు ఆవిరి అందలేదని కేకలేస్తూ వచ్చిన నటరాజు సగం కేకలో ఆగాడు. చౌడయ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అక్కడా ఆవిరి లేదు.

నాలుగింటికి పొయ్యి ఆరింది. గొట్టం మీద మూత విప్పని క్యారియరు ఇంకా వెచ్చగానే ఉంది.